షమానిజం, ఆనిమిజం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆత్మలతో మాట్లాడేవాళ్లు, కొండకూ చెట్టుకూ మనసుందని భావించేవాళ్లు అనగానే చాలామందికి సైబీరియా మంచు మైదానాలో అమెజాన్ అడవులో గుర్తుకొస్తాయి. నిజానికి ప్రపంచంలో ఎంతో లోతుగా అధ్యయనం జరిగిన షమానిక సంప్రదాయాల్లో ఒకటి మన పొరుగునే ఉంది. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల మీద, వాటిని ఆనుకుని ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో నివసించే సవరల సంప్రదాయం అది. అందుకే ఈ జవాబుల్లో వీలైనంత వరకు సవరల ఉదాహరణనే తీసుకుని, అవసరమైన చోట మాత్రమే ఇతర దేశాల సంగతి ప్రస్తావించాము.

ఆనిమిజం, షమానిజం రెండూ ఒకటేనా?

ఒకటి కావు. ఆనిమిజం లోకాన్ని చూసే ఒక తీరు, షమానిజం ఆ లోకంలో కొందరు చేసే పని. జంతువులకు, చెట్లకు, కొండలకు, వాగులకు, చనిపోయిన పెద్దలకు కూడా మనుషులకు ఉన్నట్టే ఇష్టాయిష్టాలు, కోపతాపాలు, ఉద్దేశాలు ఉంటాయనీ, వాళ్లతోనూ మర్యాదగా, ఇచ్చిపుచ్చుకునే పద్ధతిలో మెలగాలనీ భావించడాన్ని ఆనిమిజం అంటారు. తెలుగులో దీనిని సర్వాత్మవాదమనీ జీవాత్మవాదమనీ రాస్తుంటారు. ఆ కనిపించని వ్యక్తులతో ఊరి తరఫున, కుటుంబం తరఫున నేరుగా వ్యవహారం నడపగలిగిన స్త్రీనో పురుషుడినో షమాన్ అంటారు.

ఆనిమిజం ఉన్న ప్రతి చోటా షమాన్ ఉండాలన్న నియమం లేదు. ఇంటి పెద్ద ఒక కోడిని కోసి కొండకు చెప్పుకుంటే సరిపోయే సమాజాలు చాలా ఉన్నాయి. షమాన్ ఉన్న చోట మాత్రం ఆనిమిజం ఏదో ఒక రూపంలో ఉండి తీరుతుంది, ఎందుకంటే అవతల మాట్లాడేవాళ్లే లేకపోతే మధ్యవర్తికి పని ఉండదు.

అంటే రాయీ రప్పా అన్నిటికీ ప్రాణం ఉందని నమ్ముతారా?

అలా అనుకోవడం పెద్ద పొరపాటు, కానీ పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇదే మాట చెబుతాయి. కెనడాలోని ఒజిబ్వే ప్రజల మధ్య పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ హాలోవెల్ ఒక వృద్ధుడిని, ఇక్కడ మన చుట్టూ కనిపిస్తున్న రాళ్లన్నిటికీ ప్రాణం ఉందా అని అడిగాడు. ఆ వృద్ధుడు చాలాసేపు ఆలోచించి, లేదు, కొన్నింటికి ఉంది అన్నాడు. ఏ రాయికి ప్రాణం ఉందో సిద్ధాంతం చెప్పదు, ఆ రాయితో మనుషులకు కలిగిన అనుభవం చెబుతుంది. అది ఎవరి కలలోకైనా వచ్చిందా, ఏదైనా కార్యంలో కదిలిందా, దానికి చేసిన మొక్కు ఫలించిందా అన్నవి అక్కడ లెక్కలోకి వస్తాయి. ఆనిమిజాన్ని ఒక నమ్మకాల పట్టికగా కాకుండా సంబంధాల చిట్టాగా చూస్తే తప్ప ఆ వృద్ధుడి జవాబు అర్థం కాదు.

ఈ పేర్లు ఎవరు పెట్టారు?

ఆయా ప్రజలు పెట్టుకున్నవి కావు. ఇంగ్లండుకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ టైలర్ 1871లో, ఆత్మలు ఉన్నాయన్న నమ్మకమే మతానికి తొలి రూపమని వాదిస్తూ దానికి ఆనిమిజం అన్న పేరును స్థిరపరిచాడు. అది క్రమంగా బహుదేవతారాధనగా, ఆపైన ఏకేశ్వరవాదంగా ఎదిగిందన్న ఆయన మెట్ల లెక్కను నేటి పండితులు దాదాపుగా వదిలేశారు, పేరు మాత్రం మిగిలింది. షమాన్ అన్న మాట సైబీరియాలోని ఎవెంకీల భాష నుంచి రష్యన్ ద్వారా యూరప్‌కు చేరి, తరువాత ప్రపంచమంతటికీ వాడుకైంది.

సవరలు ఎవరు? వారి సంప్రదాయం గురించి మనకు ఎలా తెలుసు?

సవరల భాష తెలుగుకు గానీ ఒడియాకు గానీ చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. వారు కొండవాలున రాళ్ల గట్లు కట్టి మడుల్లో వరి పండిస్తారు, పోడు కొట్టి కంది, జొన్న, సామ వంటి పంటలు వేస్తారు, జీలుగు చెట్ల నుంచి కల్లు గీస్తారు. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, తెలుగు లిపిలో సవర వాచకాలు తయారు చేశారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లోనూ, సవర నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేటప్పుడు ఆయన జీవితంలోని ఈ సగాన్ని మనం తరచుగా మరచిపోతుంటాము. 1940లలో మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ సవరల మతాచారాలను విస్తారంగా నమోదు చేశాడు. 1970ల మధ్య నుంచి ఒడిశా వైపు సవర గ్రామాల్లో ఉంటూ వారి భాషలోనే షమాన్ల కార్యాలను విన్న మరో మానవశాస్త్రజ్ఞుడు పియర్స్ విటెబ్‌స్కీ వల్ల ఆ సంభాషణల లోతు బయటి ప్రపంచానికి తెలిసింది. కింది జవాబుల్లో వర్ణించినది ప్రధానంగా ఈ ఇద్దరూ చూసిన కాలపు సంప్రదాయం. ప్రస్తుత పరిస్థితి గురించి వేరే ప్రశ్న ఉంది.

సవర షమాన్ చేసే పని ఏమిటి? కార్యం ఎలా జరుగుతుంది?

సవరలు షమాన్‌ను కుడాన్ అంటారు, స్త్రీ అయితే కుడాన్‌బోయ్. చనిపోయినవాళ్లు సోనుమ్‌లు అవుతారు. ఎవరికైనా జబ్బు చేసినప్పుడు ఏ సోనుమ్ పట్టిందో కనుక్కోవడం, దానిని పిలిపించి మాట్లాడించడం, అంత్యక్రియల్లో చనిపోయిన మనిషి చేతనే తన మరణకారణం చెప్పించడం కుడాన్ పనులు. అంత్యక్రియల వంటి పెద్ద కార్యాలు నడిపేవాళ్లలో స్త్రీలే ఎక్కువ.

ఆమె నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని, తనకు ముందు ఆ పని చేసి గతించిన కుడాన్‌లను పిలుస్తూ పాట ఎత్తుకుంటుంది. పాట సాగేకొద్దీ గొంతు సన్నగిల్లి, చివరికి ఆగిపోయి, తల వాలిపోతుంది. చేతులూ కాళ్లూ బిగుసుకుపోతే పక్కనున్నవాళ్లు పట్టి వాటిని వంచి సడలిస్తారు. అప్పటికి ఆమె ఆత్మ నిటారు కొండచరియల మీదుగా పాతాళలోకానికి దిగిపోయిందనీ, ఖాళీ అయిన శరీరంలోకి ఇకమీదట ఒకరి తరువాత ఒకరుగా సోనుమ్‌లు వచ్చి మాట్లాడతారనీ సవరల వివరణ. వచ్చిన ప్రతివాళ్లూ మొదట కల్లో సారాయో అడుగుతారు. గుటక వేసేది కుడానే అయినా తాగినది చనిపోయిన మనిషి అని లెక్క.

ఆ తరువాత జరిగేది పూజ కన్నా ఇంటి పంచాయితీకి దగ్గరగా ఉంటుంది. చుట్టూ చేరిన బంధువులు ఏడుస్తారు, వేళాకోళం చేస్తారు, దబాయిస్తారు, అబద్ధమాడుతున్నావని సోనుమ్‌నే నిలదీస్తారు. తనకు జబ్బు చేసినప్పుడు ఎవరూ పట్టించుకోలేదని సోనుమ్ దెప్పితే, నీ కోసం పందిని కోశాము, అప్పు చేశాము, ఇంకేం చేయమంటావని వీళ్లు ఎదురు ప్రశ్నిస్తారు. పొలం ఎవరికి చెందాలి, ఆ పెళ్లి ఎందుకు చెడింది, చావుకు అసలు కారణం ఎవరు అన్న తగాదాలన్నీ అక్కడ బయటికి వస్తాయి. మంత్రం తప్పకుండా చదవడం, ముహూర్తం దాటకుండా చూడడం వంటి వాటికి అంతగా ప్రాధాన్యం లేదు. ఒక కుటుంబం తన మృతులతో నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగించే వాదనలో ఒక్కో కార్యం ఒక్కో విడత మాత్రమే.

చనిపోయినవాళ్లు సొంత మనుషులకే జబ్బు ఎందుకు తెస్తారు? వాళ్లు శత్రువులా?

శత్రువులైతే వ్యవహారం సులభంగా తేలిపోయేది, వెళ్లగొడితే సరిపోయేది. సవరల సంప్రదాయంలో అందరికన్నా కష్టమైన భాగం ఇక్కడే ఉంది. మనిషి ఏ విధంగా చనిపోయాడో దానిని బట్టి ఒక పెద్ద సోనుమ్‌లో కలుస్తాడు. ఉదాహరణకు చిరుత చంపితే చిరుత సోనుమ్‌లోకి, హత్యకో ప్రమాదానికో గురైతే సూర్య సోనుమ్‌లోకి వెళ్తాడు. అక్కడ ఉన్నంత కాలం తాను పడిన బాధనే తనవాళ్లకూ కలిగిస్తాడు. కోపంతో చేసేవాళ్లు కొందరుంటారు, కానీ చాలాసార్లు ప్రేమే కారణం. బిడ్డను విడిచి ఉండలేని తల్లి దగ్గరకు వస్తే ఆ దగ్గరితనమే బిడ్డకు జ్వరమవుతుంది. కాబట్టి తల్లిని తరిమేయడం కుదరదు, పిలిచి, ఆమె గోడు విని, అడిగినది ఇచ్చి, నెమ్మదిగా ఆమె స్థానాన్ని మార్చాలి.

ఆ మార్పు విడతలుగా జరుగుతుంది. దహనం తరువాత గువార్ అనే కార్యంలో మృతుల పేరిట రాళ్లు పాతి, దున్నలను బలి ఇచ్చి, బంధువులందరికీ విందు పెడతారు. ఆపైన కర్జ అనే కార్యాలు ఉంటాయి. వీటన్నిటితో పాటు సంభాషణలూ సాగుతుండగా, ప్రమాదకరంగా ఉన్న సోనుమ్ మెల్లగా ఇంటిని, ధాన్యాన్ని కాపాడే పెద్దగా మారి, పుట్టబోయే బిడ్డకు తన పేరు ఇస్తుంది. తరాలు గడిచి తనను ఎరిగినవాళ్లు ఎవరూ మిగలనప్పుడు ఆ పెద్ద పాతాళంలో రెండవసారి చనిపోయి సీతాకోకచిలుక అవుతాడు. ఇక ఆయనతో మాటలుండవు.

దుఃఖం గురించి ఆధునిక మనస్తత్వశాస్త్రం చాలాకాలం పాటు, పోయినవాళ్ల మీద మమకారాన్ని క్రమంగా విడిచిపెట్టడమే ఆరోగ్యమని చెప్పింది. సవరలు అదే గమ్యానికి ఎదురు దారిలో వెళ్లారనిపిస్తుంది. వాళ్లు విడిచిపెట్టేది తనివితీరా మాట్లాడి, దెబ్బలాడి, లెక్కలు తేల్చుకున్న తరువాతే.

షమాన్ ఎలా అవుతారు? చదువుకుంటే వస్తుందా?

సవరల్లో ఇది సాధారణంగా బంధువర్గంలోనే ఒకరి నుంచి ఒకరికి సంక్రమిస్తుంది, అయినా కేవలం వారసత్వం చాలదు. చిన్నతనంలోనే అమ్మాయికి పాతాళానికి వెళ్లినట్టు కలలు రావడం మొదలవుతుంది, గతించిన కుడాన్‌లు ఆమెను వెంటబెట్టుకుని తిప్పుతారు. పెద్దయ్యేసరికి అక్కడ ఆమెకు ఒక భర్త, పిల్లలు కూడా ఏర్పడతారు. భూమి మీద ఆమె భర్త మామూలు సవర రైతే. పాతాళంలోని భర్త మాత్రం రాజవంశానికో, రాజుల కొలువులో యోధులైన పైకులకో చెందిన అగ్రవర్ణ హిందువు. మైదానాల రాజులకు, వాళ్ల బంట్లకు తరతరాలుగా పన్నులు కట్టి, వెట్టి చేసిన కొండవాళ్ల ఊహలో, ఆ అధికారంతోనే వియ్యమందిన స్త్రీ తమ తరఫున మాట్లాడుతుండడం యాదృచ్ఛికం అనుకోలేము.

కొరియాలో ముడంగ్ అనే షమాన్లలో చాలామంది ముందుగా నెలలో ఏళ్లో కారణం తెలియని జబ్బుతో బాధపడతారు. ఆ జబ్బును ఆత్మల పిలుపుగా గుర్తించి, పెద్ద ముడంగ్ దగ్గర దీక్ష తీసుకుంటే తప్ప నయం కాదని అంటారు. సైబీరియాలోనూ ఇటువంటి కథనాలే వినిపిస్తాయి. ఎక్కువ చోట్ల షమాన్ కావాలని ఎవరూ కోరుకోకపోవడం, వీలైతే తప్పించుకోవాలని చూడడం గమనించదగిన విషయం.

సవర గోడల మీది బొమ్మలు ఈ సంప్రదాయంలో భాగమేనా?

అవును. ఇప్పుడు హస్తకళల దుకాణాల్లో గుడ్డ మీద, కాగితం మీద దొరికే సవర చిత్రాలకు మూలం ఇడితాల్ అనే ఈ గోడ బొమ్మలే. ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, చివర నలిపిన పుల్లను వరిపిండిలో ముంచి తెల్లగా గీస్తారు. చుట్టూ గీసే చతురస్రమే ఇల్లు. అది ఒక సోనుమ్ వచ్చి ఉండడానికి కట్టి ఇచ్చిన ఇల్లు కాబట్టి, దానిలో ఆ సోనుమ్‌కు కావలసినవన్నీ ఉండాలి. సూర్యచంద్రులు, గుర్రాలు, ఏనుగులు, నెమళ్లు, బరువులు మోసే కూలీలు, తుపాకులు పట్టిన బంట్లు కనిపిస్తారు. ఎల్విన్ చూసిన కాలానికే సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా చేరాయి. బొమ్మ ఎలా ఉండాలో చాలాసార్లు కల ద్వారా తెలుస్తుంది, గీసిన తరువాత దాని ముందు కార్యం చేసి సోనుమ్‌ను అందులోకి ఆహ్వానిస్తారు. దుకాణంలోని బొమ్మకు ఈ ఆహ్వానం ఉండదు, కాబట్టి దానిని ఇంట్లో పెట్టుకోవచ్చా అని భయపడనవసరం లేదు.

షమాన్‌కూ పూజారికీ తేడా ఏమిటి? మన పూనకాలు షమానిజమేనా?

పూజారి ఊరి తరఫున దేవతకు చెల్లించవలసినవి చెల్లిస్తాడు, ఆయన ఒంట్లోకి దేవత రావలసిన అవసరం లేదు. షమాన్ దగ్గరకు సమాధానం కోసం వెళ్తారు. మన్యంలో ఈ పనులు చాలా చోట్ల వేర్వేరు మనుషుల చేతుల్లో ఉంటాయి. ముహూర్తాలు, శకునాలు చెప్పేది దిసరి అయితే, పూజ నడిపేది మరొకరు, ఆవేశంలో పలికేది ఇంకొకరు.

పూనకం విషయంలో పండితులు చాలాకాలం ఒక గీత గీశారు. ఆత్మ బయటికి ప్రయాణిస్తే షమానిజమనీ, దేవత లోపలికి వస్తే పూనకమనీ ఆ గీత. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయంలో బోనాల మరునాడు జరిగే రంగంలో, పచ్చికుండ మీద నిలబడి వానలు, పంటలు, ప్రజల క్షేమం గురించి భవిష్యవాణి చెప్పే స్త్రీ నోట పలికేది అమ్మవారే అని భక్తుల విశ్వాసం. అక్కడ ఆమె ఆత్మ ఎక్కడికో వెళ్లి వచ్చిందని ఎవరూ అనరు. ఆ లెక్కన రంగం షమానిజం కాదు. అయితే సవర కుడాన్ విషయంలో ఆమె ఆత్మ కిందికి దిగడం, సోనుమ్‌లు పైకి రావడం ఒకే సమయంలో జరుగుతాయి కాబట్టి ఆ గీత అక్కడే చెరిగిపోతుంది. ఇంతకన్నా పనికివచ్చే తేడా మరొకటి ఉందని మాకు తోస్తుంది. రంగంలో అమ్మ చెబుతుంది, జనం వింటారు, మహా అయితే ఒక ప్రశ్న అడిగి, తప్పులు క్షమించమని వేడుకుంటారు. కుడాన్ కార్యంలో వచ్చినది సొంత తాతో, మేనత్తో కాబట్టి జనం ఎదురు తిరిగి వాదిస్తారు.

బొడ్రాయికి, పుట్టకు, వేపచెట్టుకు మొక్కే మనమూ ఆనిమిస్టులమేనా?

ఆ చూపు మనలో బలంగానే ఉంది. బొడ్రాయి ప్రతిష్ఠకు అత్తవారిళ్లకు వెళ్లిన ఆడబిడ్డలందరినీ పిలిపించి, ఊరి పొలిమేర కట్టేసి జరిపే పండుగలో ఆ రాయి ఊరి మనిషిలాంటిదే. నాగులచవితినాడు పుట్టలో పాలు పోస్తూ పాముతో చెప్పుకునే మాటల్లో, మమ్మల్ని చూసి నీవు తొలగిపో, నిన్ను చూసి మేము తొలగిపోతాము అన్న ఒప్పందం వంటి ధోరణి వినిపిస్తుంది. మేడారంలో కోయ పూజారులు చిలుకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు అక్కడ విగ్రహమేదీ ఉండదు. ఇవన్నీ ఆనిమిజమని కొట్టిపారేయడానికి గానీ, ఇవన్నీ హిందూమతమే కదా అని కలిపేసుకోవడానికి గానీ తొందరపడడం మంచిది కాదు. ఈ పేర్లు బయటివాళ్లు తమ సౌకర్యం కోసం పెట్టుకున్న పెట్టెలు, ఆచారాలు ఆ పెట్టెల కొలతలకు పుట్టలేదు.

వీటికి పవిత్ర గ్రంథం, ప్రవక్త ఉన్నారా?

సాధారణంగా లేరు. చెప్పుకోదగిన ఒక మలుపు సవరల్లోనే ఉంది. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించాడు. దానిలోని 24 అక్షరాలకు దేవతల పేర్లు పెట్టడమే కాక, అక్షరాన్నే బ్రహ్మగా ఆరాధించే ఒక మతశాఖ కూడా దాని చుట్టూ ఏర్పడింది. గ్రంథం లేని సంప్రదాయం నుంచి వచ్చినవాళ్లు గ్రంథానికి బదులు అక్షరాలకే పూజ మొదలుపెట్టారన్నమాట. 2012లో ఈ లిపికి, కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే ప్రమాణమైన యూనికోడ్‌లో స్థానం లభించింది.

షమాన్లు నటిస్తున్నారా? లేక అది మానసిక వ్యాధా?

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సైబీరియా షమాన్లను మూర్ఛరోగులుగా, ఉన్మాదులుగా వర్ణించినవాళ్లు చాలామంది ఉన్నారు. సోవియట్ ప్రభుత్వం 1930లలో వాళ్లను మోసగాళ్లుగా ముద్రవేసి, డోళ్లు లాక్కుని, జైళ్లలో పెట్టి, కొందరిని చంపింది. ఈ రెండు వివరణలూ పొసగవు. రోగి తన స్థితిని తాను కోరుకున్న వేళకు తెచ్చుకోలేడు, ముగించుకోలేడు. షమాన్ మాత్రం వచ్చినవాళ్ల అవసరాన్ని బట్టి మొదలుపెట్టి, పని కాగానే బయటికి వచ్చి, ఇంటికి వెళ్లి వంట చేసుకుంటుంది. నటన విషయానికొస్తే, తెలిసి మోసం చేసేవాళ్లు అన్ని వృత్తుల్లో ఉన్నట్టే ఇక్కడా ఉంటారు. సవరలు కూడా ప్రతి కుడాన్‌నూ గుడ్డిగా నమ్మరు. ఫలానా ఆమె నోట మా నాన్న మాట్లాడినట్టు లేదని తేల్చి, మరొకరి దగ్గరకు వెళ్లడం మామూలే.

ఇది మూఢనమ్మకం కాదా? జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లొద్దా?

వెళ్లాలి, ఆలస్యం చేయకుండా వెళ్లాలి. మన్యంలో మలేరియాకు, పాముకాటుకు, కాన్పు కష్టానికి, క్షయకు మందు ఆసుపత్రిలోనే ఉంది. ఆత్మలతో సంభాషణ దుఃఖాన్ని, తగాదాలను, అపరాధభావాన్ని తేల్చగలదేమో గానీ రక్తంలోని పరాన్నజీవిని చంపలేదు. సవరల్లో కూడా ఇవి ఒకదానికొకటి పోటీ అన్న భావన తక్కువ. మాత్ర జ్వరం తగ్గిస్తుంది, జ్వరం ఈ ఇంటికే ఎందుకు వచ్చిందన్న ప్రశ్న కుడాన్‌ది.

అసలు ప్రమాదం మరొక చోట ఉంది. జబ్బుకు కారణం చనిపోయిన బంధువు అన్నంత కాలం బలయ్యేది కోడో పందో. కారణం బతికున్న పొరుగింటి మనిషి చేసిన చేతబడి అన్నప్పుడు మనుషులే బలవుతారు. చేతబడి, బాణామతి అనుమానాలతో తెలుగు రాష్ట్రాల్లో నేటికీ హత్యలు జరుగుతున్నాయి, ఒంటరి స్త్రీలు, వృద్ధులు ఎక్కువగా గురవుతున్నారు. ఒడిశా 2013లో ఇటువంటి దాడులను అరికట్టేందుకు ప్రత్యేక చట్టమే చేసింది. ఆదివాసుల సంప్రదాయాల పట్ల గౌరవం పేరుతో దీనిని సమర్థించడం కుదరదు.

ఆనిమిజం అంటే పర్యావరణ పరిరక్షణేనా?

పట్టణవాసులకు ఇష్టమైన అపోహ ఇది. సవరలు పోడు కోసం అడవి నరుకుతారు. సైబీరియాలోని యుకాగిర్ వేటగాళ్లు ఎలుగుబంటిని చంపి, తాతా, నిన్ను చంపింది మేము కాదు, ఒక రష్యావాడు అని ఆ ఎలుగుకే అబద్ధం చెబుతారు. ఎదుటివాడిని వ్యక్తిగా గుర్తించడమంటే ప్రేమించడమే కానక్కరలేదు, భయపడవచ్చు, బేరమాడవచ్చు, బుకాయించవచ్చు కూడా.

అయినప్పటికీ ఈ చూపుకు చట్టం ముందు బరువు ఉందని ఒడిశాలోని నియమగిరి నిరూపించింది. ఆ కొండ మీద బాక్సైట్ తవ్వకం విషయంలో, కొండను నియమరాజుగా కొలిచే డొంగ్రియా కోందుల మతహక్కులకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు చెప్పింది. ఆ ఏడాది రాయగడ, కలహండి జిల్లాల్లో జరిగిన 12 గ్రామసభలూ తవ్వకం వద్దన్నాయి. న్యూజిలాండ్ 2017లో వాంగనూయి నదికి చట్టబద్ధమైన వ్యక్తిత్వం ఇచ్చింది. అదే ఏడాది మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు అటువంటి హోదానే ప్రకటించగా, జూలైలో సుప్రీంకోర్టు దానిపై స్టే విధించింది.

జనాభా లెక్కల్లో వీరి మతం ఏమని రాస్తారు?

బ్రిటిష్ కాలంలో 1901 నుంచి కొన్ని లెక్కల్లో ఆనిమిస్టులు అన్న గడి ఉండేది. స్వాతంత్ర్యం తరువాత ఆదివాసీ మతాలకు ప్రత్యేకమైన గడి లేదు, ఇతర మతాలు అన్న దానిలో పేరు రాయించుకోవాలి. 2011లో సుమారు 49 లక్షల మంది అలా సర్నా (జార్ఖండ్, దాని చుట్టుపక్కల ఆదివాసుల మతం) అని రాయించుకున్నారు, వారిలో అత్యధికులు జార్ఖండ్ వారు. సర్నాకు ప్రత్యేక కోడ్ ఇవ్వాలని 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ తీర్మానించింది.

సవరల్లో ఈ సంప్రదాయం ఇప్పటికీ ఉందా?

చాలా ఊళ్లలో పలచబడింది. 1970లలో కార్యాలకు తండోపతండాలుగా వచ్చిన కుటుంబాల పిల్లల్లో ఎక్కువమంది తరువాతి దశాబ్దాల్లో బాప్టిస్టు క్రైస్తవులయ్యారు, కొందరు హిందూ శాఖల వైపు వెళ్లారు. చదువు, రోడ్లు, దున్నల బలికి అయ్యే ఖర్చు, అప్పులిచ్చేవాళ్ల పీడ నుంచి బయటపడాలన్న కోరిక అన్నీ ఇందులో ఉన్నాయి. కోల్పోయినదీ ఉంది. కొత్త మతంలో చనిపోయిన తల్లి స్వర్గంలో ఉందన్న ఊరట దొరుకుతుంది, ఆమెతో మాట్లాడే వీలు దొరకదు. ఎంతో కాలం ఎదురుతిరిగి వాదించే అలవాటున్న మనుషులకు ఈ మౌనం తేలికగా మింగుడుపడలేదని విటెబ్‌స్కీ తన తరువాతి రచనల్లో చెబుతాడు.

సైబీరియాలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. 1991 తరువాత టువా, బుర్యాతియా ప్రాంతాల్లో షమాన్లు సంఘాలు పెట్టుకుని, బోర్డులు కట్టుకుని బహిరంగంగా పనిచేస్తున్నారు.

విదేశాల్లో జరిగే షమానిక్ వర్క్‌షాపులకు, ఆయహువాస్కా శిబిరాలకు వెళ్లవచ్చా?

వారాంతపు వర్క్‌షాపుల్లో నేర్పేది ఎక్కువగా ఏదో ఒక డోలు లయకు కళ్లు మూసుకుని ఊహాయాత్ర చేయడం. దానివల్ల మనసు కుదుటపడితే మంచిదే, కానీ బంధువులు, అప్పులు, పొలం తగాదాలు లేని చోట జరిగే ఆ పనికీ కుడాన్ పనికీ పోలిక తక్కువ. ఆయహువాస్కా విషయం వేరు. అమెజాన్ ప్రాంతంలో కార్యాల్లో తాగే ఆ కషాయంలో ఉండే, భ్రాంతులు కలిగించే డీఎంటీ అనే రసాయనం భారతదేశంలో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కింద నియంత్రిత పదార్థం, అమెరికాలోనూ కొన్ని మతసంస్థలకు ఇచ్చిన మినహాయింపు తప్ప నిషిద్ధమే. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లు దానిని తాగితే ఆ రెండింటి కలయిక ప్రాణాపాయం కలిగించవచ్చు. ఈ సంగతి అడగకుండానే చేర్చుకునే శిబిరం నుంచి వెంటనే వెనక్కి వచ్చేయండి.

సవర గ్రామానికి వెళ్లి ఒక కార్యం చూడాలని ఉంది. వీలవుతుందా?

పర్యాటక ప్రదర్శనగా ఏర్పాటు చేయించుకోవడం తగదు. అది ఒక ఇంటివాళ్ల దుఃఖం, వాళ్ల అంతర్గత తగాదా. ఆ ఊరివాళ్లు పరిచయస్థులై, ఇంటివాళ్లే రమ్మంటే వెళ్లవచ్చు. ఫోన్ కెమెరా బయటికి తీసే ముందు కుడాన్‌ను, మృతుల కుటుంబాన్ని ఇద్దరినీ విడివిడిగా అడగాలి. ఇంటి లోపలి ఇడితాల్‌ను తాకకూడదు, అడగకుండా ఫొటో తీయకూడదు. పాతిన రాళ్ల మీద కూర్చోవడం, ఆనుకుని నిలబడడం వంటివి తప్పుగా చూస్తారు. విందులో కల్లు పోస్తే తాగనివాళ్లు ఆకుదొన్నెను మర్యాదగా అందుకుని పక్కవాళ్లకు ఇవ్వవచ్చు. సవర చిత్రాలు, నేత వస్తువులు కొనాలనుకునేవాళ్లు పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట చుట్టుపక్కల గ్రామాల్లో గీసేవాళ్ల దగ్గరే కొంటే డబ్బు నేరుగా వాళ్లకే చేరుతుంది.